పాసు కట్టాం కదా, డిసెంబరుదాకా ఉండనీ!

గుంటూరు సీమలో మంచు పడదు. రెంటచింతల ఎండ పేరు చెబితేనే రాష్ట్రమంతా చెమటలు తుడుచుకుంటుంది. అలాంటి చోట చలికి సీజన్ పాసు అమ్ముకుని బాగుపడే వ్యాపారం ఒకటి ఉందంటే అమెరికావాడు నమ్మడు. ఉంది. ఏటుకూరు, నల్లపాడు, లాల్‌పురం రోడ్ల వెంట, చిలకలూరిపేట హైవే పక్కన కిటికీల్లేని నిలువెత్తు గోడలు కనిపిస్తాయే, అక్కడ. పేపర్లు వాటిని శీతల గిడ్డంగులంటాయి. రైతు మాత్రం ‘ఏసీ’ అంటాడు. ‘కాయ ఏసీలో పెట్టా’ అని ఒకడు అన్నాడంటే మాచర్ల నుంచి పర్చూరుదాకా అందరికీ అర్థమైపోతుంది: వీడికి రేటు రాలేదు, పాసు కొన్నాడు.

పాసు షరతు చాలా సులువు. టిక్కీకి, అంటే బస్తాకు, ఇంత అని సీజను మొత్తానికి ఒకటే అద్దె. నెలకే తీసుకుపోయినా అంతే, డిసెంబరుదాకా ఉంచినా అంతే. ఈ ‘అంతే’ దగ్గరే రైతు మనసు చిక్కుకుంటుంది. కట్టిన డబ్బుకు ఎంత ఎక్కువ కాలం ఉంచితే అంత లాభం అనిపిస్తుంది. అలా అనిపించేటట్టు చేయడమే సీజన్ పాసు పని.

మన ఊళ్ల నుంచి వెళ్లిన పిల్లలకు ఈ లెక్క బాగా తెలుసు. డెన్వర్‌లో ఉద్యోగం చేసే నరసరావుపేట కుర్రాడు మంచు కొండల మీద జారడానికి పాసు కొంటాడు. 2008లో వెయిల్ రిసార్ట్స్ అనే కంపెనీ ‘ఎపిక్ పాస్’ అని ఒకదాన్ని 579 డాలర్లకు తెచ్చింది. 2018లో దానికి పోటీగా ‘ఐకాన్ పాస్’ దిగింది. కిటుకు ఏమిటంటే, మంచు పడకముందే పాసు అమ్మేయాలి. వసంతంలో అమ్మకం మొదలుపెట్టి, చలికాలం ముదరకముందే కౌంటర్ మూసేస్తారు. తర్వాత ఏ రోజుకారోజు టికెట్ కొందామంటే, వెయిల్ కొండ దగ్గర రద్దీ రోజుల్లో దాని ధర 300 డాలర్లు దాటిపోయింది. అంత బెదిరిస్తే ఎవడైనా పాసే కొంటాడు. ఆ తర్వాత మంచు పడిందా, మోకాలు విరిగిందా, మేనేజర్ సెలవిచ్చాడా అన్నది కొన్నవాడి కర్మ. కంపెనీకి మాత్రం డబ్బు ముందే ముట్టింది.

కొన్న మర్నాటి నుంచి కుర్రాడి లెక్కలు మొదలవుతాయి. ఎన్నిసార్లు వెళ్తే గిట్టుబాటు? తుమ్ములొస్తున్నా వెళ్తాడు, కొండ మీద మంచుకు బదులు బురద ఉన్నా వెళ్తాడు. ఈ జబ్బును ఒకసారి పరీక్ష చేసి చూశారు కూడా. ఒహాయో యూనివర్సిటీ నాటకశాలకు సీజన్ టికెట్లు కొనబోయినవాళ్లలో కొందరికి పూర్తి ధరకు, కొందరికి తగ్గించి ఇచ్చారు ఆర్క్స్, బ్లూమర్ అనే మనస్తత్వ పరిశోధకులు. వాళ్ల పత్రం 1985లో అచ్చయింది. సీజను మొదటి సగంలో పూర్తి ధర పెట్టినవాళ్లే ఎక్కువ నాటకాలకు హాజరయ్యారని తేలింది. అందరూ చూసింది అవే నాటకాలు. కళాభిమానం జేబులోంచి పుట్టిందన్నమాట.

డెన్వర్ కుర్రాడికి ఈ జబ్బు వల్ల పోయేది ఒక ఆదివారం. వాళ్ల నాన్నకు పోయేది పంట.

ఇంత విలువైన పాసును ఎలా వాడుకోవాలో మన రైతుకు చెప్పే నాథుడు లేడు. మిరప నారు ఎప్పుడు పోయాలో, ఏ మందు ఎంత మోతాదులో కొట్టాలో లాం పరిశోధన ఫారం వాళ్లు చెబుతారు. కోత అయ్యాక ఏం చేయాలో చెప్పడానికి కమిషన్ ఏజెంటు తప్ప దిక్కు లేదు. కనుక ప్రజాహితం కోరి, పాసు విలువను చివరి పైసాదాకా రాబట్టుకునే సూత్రాలు కింద ఇస్తున్నాం. కత్తిరించి కళ్లంలో అంటించుకోగలరు.

మొదటి సూత్రం: అందరితోపాటే కొనండి.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కోతలు. ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని కోతకు దిగుతాయి. కళ్లాలు ఎర్రబడతాయి. కూలి డబ్బులు వారంవారం ఇవ్వాలి, పురుగుమందుల కొట్టు బాకీ నోరు తెరుచుకుని ఉంటుంది, కౌలు గడువు దగ్గరపడుతుంది, ఆకాశంలో మబ్బు కనిపిస్తే గుండె జారుతుంది. తడిస్తే ఎర్ర కాయ తాలు కాయవుతుంది. కనుక అందరూ ఒకే వారం లారీ ఎక్కిస్తారు. ఆసియాలోనే పెద్ద మిర్చి యార్డు అని మనం ఛాతీ విరుచుకునే గుంటూరు యార్డుకు అదను మీద రోజుకు లక్ష టిక్కీలు దాటి వస్తాయి. లక్ష టిక్కీలు ఒక్కసారి ఎదురొస్తే కొనేవాడు మచ్చు చేతిలోకి తీసుకుని, తేమ ఎక్కువ అంటాడు, రంగు తక్కువ అంటాడు, చివరకు ఏమీ అనకుండా వెళ్లిపోతాడు. అప్పుడు ఏజెంటు మెల్లగా అంటాడు: ‘తొందరెందుకు బాబాయ్, ఏసీలో పడేద్దాం.’

దీనికి తోడు మే, జూన్ నెలల మధ్య యార్డుకు వేసవి సెలవులు. సెలవులు అవసరమే, ఎండలో బస్తాలు మోసే ముఠా కూలీలకు, ఘాటులో కూర్చుని తొడిమలు తీసే ఆడవాళ్లకు. కానీ ఆ సెలవులు ఎవరికి ఎక్కువ కలిసొస్తాయో చూడండి. సెలవులు రాబోతున్నాయంటే అమ్ముకోవలసినవాడు కంగారు పడతాడు. కొనవలసినవాడు స్థిమితంగా ఉంటాడు. యార్డు తలుపులు మూసుకునే కొద్దీ ఏసీ తలుపులు తెరుచుకుంటాయి. అమెరికాలో పాసు కొనిపించడానికి రోజు టికెట్‌ను 300 డాలర్లు చేయాల్సి వచ్చింది. మన దగ్గర ఆ ఖర్చు కూడా లేదు, క్యాలెండరే సరిపోతుంది.

రెండో సూత్రం: పాసు మీ పేరున ఉండాలని పట్టుబట్టకండి.

మిరప వేసేవాళ్లలో చాలామంది కౌలు రైతులు. కౌలు ముందే కట్టాలి. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది కానీ, భూయజమాని సంతకం పెట్టనిదే కార్డు రాదు, కార్డు లేనిదే బ్యాంకు పలకదు. కనుక పెట్టుబడి ఇచ్చేది ఏజెంటే. అప్పు ఇచ్చినవాడి కొట్టుకే సరుకు వెళ్లాలి. నిలవ ఉంచి రేటు చూసుకునే ఓపిక ఈ రైతుకు ఎవరిస్తారు? కళ్లంలోనే తెగనమ్ముతాడు. తర్వాత అదే కాయ ఏసీలోకే వెళ్తుంది, కాకపోతే వేరేవాళ్ల పేరు మీద. పాసులో నిజమైన లాభం వచ్చిన ఏడు అది ఎవరి ఖాతాలో పడిందో విచారిస్తే, చేలో అడుగు పెట్టనివాళ్ల పేర్లు చాలానే బయటపడతాయి.

పక్క చేలో పత్తి వేసినవాడికి ఈ యోగం కూడా లేదు. పత్తి ఏసీ ఎక్కదు. వసారాలో, గదిలో, మంచం పక్కన కుప్ప పోసుకుని దాంతోపాటే పడుకోవాలి. 2025–26కు పొడవు పింజ పత్తికి మద్దతు ధర 8,110 రూపాయలన్నారు. దాన్ని అందుకోవాలంటే ‘కపాస్ కిసాన్’ యాప్‌లో పేరు నమోదు చేసి, స్లాటు దొరకబుచ్చుకుని, తేమ 12 శాతం లోపు ఉందని పత్తి కొనే సీసీఐ వారి మీటరును ఒప్పించాలి. అదే ఏడు అక్టోబరు చివర్లో మొంథా తుపాను వచ్చింది, పత్తిని తడిపేటప్పుడు అది ఏ మీటరునూ అడగలేదు. చాలదన్నట్టు ఆగస్టు 19 నుంచి డిసెంబరు ఆఖరుదాకా విదేశీ పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేశారు. పరాయి పత్తికి ఉచిత పాసు, సొంత పత్తికి స్లాటు. కనుక మిరప రైతు తన అదృష్టానికి పొంగిపోవచ్చు.

మూడో సూత్రం: బాండు చేతికి రాగానే దాన్ని ఇంకొకరి చేతిలో పెట్టండి.

ఏసీలో సరుకు దింపితే బాండు ఇస్తారు. దాని మీద అప్పు పుడుతుంది. బ్యాంకు ఇస్తే ఒక వడ్డీ, బయటవాళ్లు ఇస్తే నెలకు నూటికి రెండు రూపాయలు. ఇప్పుడు మీ కాయ చలిలో హాయిగా నిద్రపోతుంది, మీరు మాత్రం మేలుకుని ఉంటారు, ఎందుకంటే వడ్డీ రాత్రిళ్లు కూడా నడుస్తుంది. మన మార్కెట్ కమిటీల్లో ‘రైతుబంధు’ అని ఒక తాకట్టు రుణం ఉంది. ఎకరాకింత పంచిన తెలంగాణ రైతుబంధు కాదు, అంతకు చాలా ముందు నుంచీ మన యార్డుల్లో ఉన్నది. సరుకు విలువలో 75 శాతం దాకా, ఆరు నెలలు వడ్డీ లేకుండా ఇవ్వాలన్నది దాని ఉద్దేశం. దాని గురించి యార్డు గోడ మీద చదివినవాళ్లు చాలామందే ఉంటారు. తీసుకున్నవాళ్లు మీకు తారసపడితే ఒకసారి కాఫీ ఇప్పించండి.

నాలుగో సూత్రం: చైనా మీద నమ్మకం వదలకండి.

జూలైలో చైనా ఆర్డర్లు వస్తున్నాయంటారు. సెప్టెంబరులో బంగ్లాదేశ్ లైను తెరుచుకుందంటారు. అక్టోబరులో కొత్త పంట విస్తీర్ణం తగ్గిందంటారు. దీపావళి దాటాక చూసుకో అంటారు. ఇవన్నీ కొన్నేళ్లు నిజమవుతాయి కూడా, అదే చిక్కు. తేజ రకాన్ని చైనా భారీగా కొంటున్న మాట వాస్తవం. అయితే ఎంత కొంటుంది, ఎప్పుడు కొంటుంది అన్న సమాచారం మన దగ్గరికి వాట్సాప్‌లో వచ్చేసరికి ఎగుమతిదారు గోదాములో లోడింగ్ అయిపోయి ఉంటుంది. గుంటూరు చుట్టూ ఏసీల్లో ఇవాళ ఎన్ని లక్షల టిక్కీలు ఉన్నాయి? వ్యాపారికి అందాజు ఉంది, ఏసీ యజమానికి లెక్క ఉంది. ఆ బస్తాలు నింపినవాడికి మాత్రం పుకారు ఉంది. జూదంలో మిగతావాళ్లు ముక్కలు చూసుకుని ఆడుతుంటే, మనవాడు ముక్కల వెనకవైపు బొమ్మ చూసి ఆడుతున్నాడు.

ఐదో సూత్రం: పక్కవాడి చేను పోవాలని ప్రార్థించండి.

2021–22లో నల్ల తామర పురుగు వచ్చింది. పూత మీద వాలి, పిందె కట్టనివ్వకుండా, పల్నాడు నుంచి ఖమ్మం దాకా తోటలను తోటలుగా తినేసింది. కొట్టిన మందు పని చేయలేదు, పీకేసిన తోటలకు లెక్క లేదు. సరుకు కరువై రేట్లు లేచాయి. ఆ తర్వాత 2023లో తేజ క్వింటా 20 వేలు దాటింది. పాత సరుకు ఏసీలో ఉన్నవాడు ఊళ్లో తెలివైనవాడయ్యాడు. అతని తెలివిని మెచ్చి ఊరంతా మిరప వేసింది. 2025 ఫిబ్రవరికి రేటు సగానికి కూలింది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని పెద్దలు ఊరికే అనలేదు. ఈ పాసు లాభం ఎక్కడి నుంచి వస్తుందో ఇప్పుడు తెలిసిందిగా? సర్కారు నుంచి కాదు, చైనా నుంచి కూడా కాదు. సాటి రైతు ఎండిన తోట నుంచి వస్తుంది.

ఆరో సూత్రం: ఏం జరిగినా గడువుకు ముందు తీయకండి.

ఇదే అసలైన సూత్రం. అద్దె కట్టేశాం, ఇప్పుడు తీస్తే దండగ అనే మాట ఆగస్టు నుంచి డిసెంబరుదాకా ప్రతి రచ్చబండ మీదా వినిపిస్తుంది. లెక్క కోసం ఒక ఉదాహరణ అనుకుందాం. మార్చిలో క్వింటా 12,000 పలికింది, మీరు అమ్మలేదు. నూటికి రెండు రూపాయల వడ్డీ మీద నడుస్తున్న సంసారం మీది. తొమ్మిది నెలలకు వడ్డీ 2,160. టిక్కీ 40 కిలోలు, అద్దె టిక్కీకి 200 అనుకుంటే క్వింటాకు 500. రవాణా, ముఠా కూలి, మచ్చు పేరుతో పోయేది, అన్నీ కలిపి 340 అనుకోండి. మొత్తం 3,000. అంటే డిసెంబరులో క్వింటా 15,000 పలికితే మీరు మార్చిలో ఉన్నచోటే ఉన్నారు. పావు వంతు రేటు పెరిగితే వచ్చే లాభం సున్నా. 14,000కు అమ్మి, ‘చూశావా, రెండు వేలు కలిసొచ్చింది’ అని మీసం తిప్పేవాడు వెయ్యి పోగొట్టుకుని ఇంటికొస్తున్నాడు.

మరి అద్దె? అది గేటు దగ్గరే పోయింది. జూన్‌లో తీసినా తిరిగి రాదు, డిసెంబరులో తీసినా రాదు. దాన్ని తలుచుకుని సరుకు ఉంచడం ఒహాయో నాటకాల బేరమే. నడుస్తున్నది వడ్డీ ఒక్కటే, పై లెక్కలో నెలకు 240. కనుక ప్రతి నెలా అడగాల్సింది, వచ్చే నెలకు రేటు 240 పైన పెరుగుతుందని చెప్పుకోవడానికి నా దగ్గర పుకారు కాకుండా ఇంకేమైనా ఉందా అని. లేకపోతే తీసేయాలి. ఇది ఐదో తరగతి కూడిక. కానీ ఈ కూడిక రైతుకు వస్తే చాలామందికి నిద్ర పట్టదు కాబట్టి, మనం మాత్రం ఆరో సూత్రానికే కట్టుబడదాం: డిసెంబరుదాకా ఉండనీ!

ఏడో సూత్రం: గడువు అయిపోతే పాసు రెన్యూ చేయించండి.

ఈ విద్యలో గుంటూరుకు గురువు ప్రకాశం. అక్కడ నల్లరేగడి శనగ ఒకప్పుడు బంగారం పండించింది. కాక్-2 అనే కాబూలీ శనగ మీద ఆశతో, 2013 తర్వాత రేటు పడిపోయినా అమ్మకుండా, ఒంగోలు చుట్టుపక్కల ఏసీల్లో పెట్టి బ్యాంకు రుణం తీసుకున్నారు. ఒక సీజను పోయింది, రెండోది వచ్చింది. బస్తాల మీద బస్తాలు, అద్దె మీద అద్దె, వడ్డీ మీద వడ్డీ. చివరకు బ్యాంకులు వేలం నోటీసులు పంపాయి. పాసును ఇంత నిండుగా వాడుకున్న చరిత్ర కొలరాడోలో కూడా ఉండదు. శనగ ఏళ్ల తరబడి చల్లగా ఉంది. రైతుకు చెమట ఆరలేదు.

ఎనిమిదో సూత్రం: నిప్పు గురించి ఆలోచించకండి.

చలి అమ్మే ఇంట్లో మంట ఎందుకు పుడుతుంది అని అడగడం అమాయకత్వం. ఎండుకాయ, గోనెసంచి, కరెంటు తీగ ఒకే కప్పు కింద ఉంటే ఏం పుట్టాలో అదే పుడుతుంది. మన జిల్లాల్లో మిర్చి కాలింది, దుగ్గిరాలలో పసుపు కాలింది. కాలిన మర్నాడు రైతు బాండు పట్టుకుని గేటు దగ్గర నిలబడతాడు. బీమా ఉంది కదా అంటారు. ఉంటుంది. పాలసీ ఎవరి పేరున ఉంది, బ్యాంకు వాటా ఎంత, బస్తా విలువ ఏ నెల రేటుకు కడతారు అన్నవి బస్తాలు దించే రోజు ఎవరూ చెప్పరు, రైతూ అడగడు. ఆ రోజు లారీ వరసలో వెనకున్నవాడు హారన్ కొడుతుంటాడు.

తొమ్మిదో సూత్రం: ప్రభుత్వం ఆదుకుంటుంది, కాసుకుని కూర్చోండి.

కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల జాబితాలో మిరప లేదు. ప్రపంచానికి కారం తినిపించే పంటకు కనీస ధర లేదు, భౌగోళిక గుర్తింపు మాత్రం ఉంది. గుంటూరు సన్నం గుంటూరుదేనని ఢిల్లీ ఒప్పుకుంది. దాని బాధ మాత్రం ఢిల్లీది కాదు. 2016లో పది వేల పైన పలికిన కాయ 2017 ఏప్రిల్‌కు మూడు నాలుగు వేలకు జారినప్పుడు, మార్కెట్ జోక్యం పేరుతో క్వింటాకు 5,000 ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్‌కు 88,300 టన్నుల పరిమితి, గడువు మే నెలాఖరు. పదివేల పంటకు ఐదు వేల ఓదార్పు, అదీ నెల్లోపల తెచ్చుకుంటేనే. అదే మే నెలలో ఖమ్మంలో, యార్డులో గొడవ చేశారని మిరప రైతులకు బేడీలు వేసి కోర్టుకు తీసుకెళ్లారు. పాసు లేకుండా మార్కెట్లో తిరిగితే ఏమవుతుందో అందరికీ తెలియాలి కదా.

2025 ఫిబ్రవరిలో మళ్లీ అదే సినిమా. రేటు పడింది, నాయకులు యార్డుకు వరస కట్టారు, లేఖలు ఢిల్లీకి వెళ్లాయి. క్వింటాకు 11,781 రూపాయలని కేంద్రం తేల్చింది. ఆ చివరి ఒక్క రూపాయి ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, లెక్కలో శ్రద్ధ కనిపిస్తోంది. కొనడం లేదు, రేటు తగ్గితే తేడా ఇస్తామన్నారు. అదీ 2.91 లక్షల టన్నులకు, అంటే రాష్ట్ర దిగుబడి అంచనాలో పావు వంతుకు. మిగతా ముప్పావు ఏం చేయాలో ఆ ఉత్తర్వు చెప్పలేదు. చెప్పకపోయినా మనకు తెలుసు. ఏసీ ఉందిగా!

సూత్రాలు అయిపోయాయి. ఇక వెటకారం పక్కనబెట్టి మాట్లాడుకుందాం.

2020 మార్చిలో కరోనా వచ్చి అమెరికాలో మంచు కొండలు మూతపడ్డాయి, ఇక్కడ మిర్చి యార్డూ మూతపడింది. వెయిల్ కంపెనీ ధర్మసత్రం కాదు, లాభాల కోసం పుట్టిన కంపెనీ. అయినా పాసు కొన్నవాళ్లు కోర్టుకెక్కుతారనో, మళ్లీ కొనరనో భయపడి, తర్వాతి సీజను పాసులో కనీసం 20 శాతం, వాడుకోనివాళ్లకు 80 శాతం దాకా తగ్గించింది. మన దగ్గర అమ్మే చోటు మూతపడిన ఆ నెలలకు టిక్కీ అద్దెలో ఎంత తగ్గించారని అడగాలన్న ఆలోచనే మనకు రాలేదు. ఎందుకంటే మనం పాసు కొన్న కస్టమర్లమని ఎప్పుడూ అనుకోలేదు. సరుకు పెట్టుకోనిచ్చినందుకు రుణపడి ఉన్నామనుకున్నాం.

ఏసీ కట్టినవాళ్లను దొంగలనడం లేదు. కరెంటు బిల్లు ఎంతొస్తుందో, కంప్రెసర్ ఒక్క రాత్రి ఆగితే ఎంత భయమో వాళ్లకు తెలుసు. గిడ్డంగి లేకపోతే కాయ రంగు చస్తుంది, బూజు పడుతుంది, అప్పుడు రైతు ఇంకా చితికిపోతాడు. ఆ గోడలు అవసరమే. అయితే ఆ గోడల్లో ప్రజల డబ్బు కూడా ఉంది. ఉద్యాన పథకాల కింద శీతల గిడ్డంగి కట్టేవారికి ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం దాకా సబ్సిడీ ఉంది. 1980 నాటి కోల్డ్ స్టోరేజీ ఆర్డరును 1997లో కేంద్రం ఎత్తేసింది, లైసెన్సుల బెడద తీరిందన్నారు. సబ్సిడీ సర్కారు సొమ్ము, అద్దె మాత్రం యజమానుల ఇష్టం. ఇందులో రైతు గొంతు ఎక్కడ ఉంది?

అడగాల్సినవి ఆకాశంలో లేవు. సీజనుకు ఒకే అద్దె బదులు నెలల వారీ అద్దె కోరుకునే వీలు ఉండాలి, మూడు నెలలకు తీసుకుపోయేవాడు పది నెలలవాడి చలికి డబ్బు కట్టకూడదు. ప్రతి ఏసీలో ఎన్ని టిక్కీలు ఉన్నాయో వారానికోసారి యార్డు బోర్డు మీద రాయాలి, పుకార్ల వ్యాపారం సగం అక్కడే చస్తుంది. గిడ్డంగుల చట్టం 2007లోనే వచ్చింది, ఎలక్ట్రానిక్ రశీదులు 2017లో మొదలయ్యాయి. ఆ రశీదు మీద ఏ బ్యాంకైనా అప్పివ్వాలి, ఏ ఊరి వ్యాపారైనా కొనగలగాలి. ప్రైవేటు బాండు కాగితాన్ని వదిలి ఆ రశీదుకు మారనివారికి సబ్సిడీ ఎందుకివ్వాలి? తాకట్టు రుణం కౌలు రైతుకు కూడా దొరకాలి, యజమాని సంతకం లేకుండానే, ఎందుకంటే తాకట్టు పెట్టేది భూమి కాదు, అతను పండించిన కాయ. బీమా వివరాలు రశీదు వెనక తెలుగులో అచ్చు వేయాలి. మిరపకు ధర రేటు కూలిన తర్వాత కాదు, నారు పోయకముందే ప్రకటించాలి. నారుమడి వేసేముందు ధర చెబితే రైతు ఎంత వేయాలో తేల్చుకుంటాడు. కళ్లంలో రాశి పోశాక చెప్పే ధర సంతాప సందేశం.

ఇక రైతుకు ఒక్క మాట. బాబాయ్, ఏసీ అద్దె కట్టావంటే అది పోయినట్టే, దాన్ని వెనక్కి రాబట్టుకునే దారి లేదు. గడువు తేదీ ఏసీ యజమాని రాసుకున్నది, నీ పంటకు దానితో సంబంధం లేదు. నెల తిరిగేసరికి వడ్డీ ఎంతవుతుందో బాండు వెనక పెన్సిల్‌తో రాసుకో. అంతకంటే రేటు పెరిగే ఆధారం కనపడకపోతే ఆ నెలే మచ్చు తీసి అమ్మెయ్. డిసెంబరుదాకా ఆగినవాడికి బహుమతి ఎవరూ ఇవ్వరు.